ఫోనులో వచ్చే నెట్ కంప్యూటర్‌లో ఎందుకు రాదు?

ఇంట్లో కంప్యూటర్‌కు నెట్ ఆగిపోయినప్పుడు మూడు రకాల మాటలు వినిపిస్తాయి. "ఫోనులో వస్తోంది, కంప్యూటర్‌లోనే రావడం లేదు" అని ఇంటివాళ్లు అంటారు. "మా లైన్ బాగానే ఉంది, లోపం మీ కంప్యూటర్‌లోనే ఉంది" అని కనెక్షన్ ఇచ్చిన ఆపరేటర్ అంటారు. బాగుచేసే దుకాణానికి తీసుకెళ్తే అక్కడ నెట్ చక్కగా వస్తుంది, "మీ ఇంటి లైన్ చూపించుకోండి" అని తిప్పి పంపుతారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి వారు తాము చూసిన ముక్కను బట్టి మొత్తం దారి గురించి తీర్పు చెప్పేస్తున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఉద్యోగ దరఖాస్తుకు చివరి రోజునో, పిల్లల ఆన్‌లైన్ పరీక్ష మధ్యలోనో నెట్ పోతే పడే యాతన తక్కువది కాదు. అలాంటి వేళ గంటల తరబడి తప్పు చోట వెతకడం మరీ అన్యాయం. లోపం ఎక్కడుందో కంప్యూటర్ కొన్ని గుర్తులతో చెబుతూనే ఉంటుంది. ఆ గుర్తుల్లో ఏది దేన్ని నిరూపిస్తుందో, ఏది నిరూపించదో తెలిస్తే చాలా సందేహాలు ఇంట్లోనే తీరిపోతాయి.

స్తంభం నుంచి బ్రౌజర్ దాకా ఐదు మజిలీలు

ఇప్పుడు మన ఊళ్లలో ఎక్కువగా ఉన్నవి ఫైబర్ కనెక్షన్లే కాబట్టి దాన్నే తీసుకుందాం. వీధి స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సన్నని తీగ ఓఎన్‌టీ అనే పెట్టెలో ముగుస్తుంది. తీగలో వచ్చే కాంతిని విద్యుత్ సంకేతాలుగా మార్చడం దాని పని. ఆ ఒక్క కనెక్షన్‌ను ఇంట్లోని ఫోన్లకు, టీవీకి, కంప్యూటర్లకు పంచేది రూటర్. చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. కంప్యూటర్ లోపల రూటర్‌తో మాట్లాడే భాగం పేరు నెట్‌వర్క్ అడాప్టర్.

ఒక వెబ్‌సైట్ తెరుచుకోవాలంటే ఐదు పనులు వరుసగా జరగాలి. కంప్యూటర్‌కు, రూటర్‌కు మధ్య తీగో వైఫైయో కలవాలి. రూటర్ కంప్యూటర్‌కు ఒక అంకెల చిరునామా ఇవ్వాలి. రూటర్ నుంచి బయటి ప్రపంచానికి దారి ఉండాలి. వెబ్‌సైట్ పేరును దాని అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ పలకాలి. చివరగా బ్రౌజర్‌కు ఆ వెబ్‌సైట్ అసలైనదేనని నమ్మకం కుదరాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మన నోట వచ్చే మాట ఒక్కటే: "నెట్ రావడం లేదు."

శివారు పొలానికి నీళ్లు అందకపోతే రైతు పొలంలోనే తవ్వుతూ కూర్చోడు. గట్టు పట్టుకుని పైకి నడిచి, ఏ తూము దాకా నీళ్లున్నాయో, ఏది దాటాక లేవో చూస్తాడు. ఇక్కడా చేయాల్సింది అదే.

ఫోను సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది

ఎక్కువ మంది దారి తప్పేది "ఫోనులో వస్తోంది కదా" అన్న మాట దగ్గరే. ఫోనుకు ఇంటి వైఫై ఒక దారి, సిమ్ డేటా మరొక దారి. వైఫై కలిసి ఉన్నా దాని వెనుక ఇంటర్నెట్ లేదని గమనిస్తే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు చడీచప్పుడూ లేకుండా సిమ్ డేటాకు మారిపోతాయి. ఐఫోన్లలో 2015లో వచ్చిన ఐఓఎస్ 9 నుంచి ఉన్న వైఫై అసిస్ట్ కూడా వైఫై బలహీనపడినప్పుడు ఇదే పని చేస్తుంది. వీడియో ఆగదు, వాట్సాప్ ఆగదు. ఇంటి లైన్ పోయిందన్న సంగతే ఫోను పట్టుకున్నవారికి తెలియదు. సిమ్ లేని కంప్యూటర్ మాత్రం ఆ క్షణమే ఆగిపోతుంది, నింద దాని మీద పడుతుంది.

అందుకే ఫోనులో మొబైల్ డేటా ఆపి, వైఫై ఒక్కటే ఉంచి, ఇంతకుముందు తెరవని పేజీ ఏదైనా తెరిచినప్పుడే ఆ సాక్ష్యానికి విలువ. పేజీ రాలేదంటే లోపం రూటర్‌లోనో, దాని అవతలో ఉంది, కంప్యూటర్‌ను ముట్టుకోనక్కర్లేదు. వచ్చిందంటే రూటర్ నుంచి బయటికి దారి బాగానే ఉంది. అయితే అంతకు మించి అది ఏమీ నిరూపించదు. కంప్యూటర్‌కు సరైన చిరునామా అందిందో లేదో ఫోనుకు తెలియదు. ఆపరేటర్లు, ఇంటివాళ్లు వాదించుకునేది సరిగ్గా ఈ సందులోనే.

ఎర్ర దీపం, నలిగిన తీగ, కనిపించని వైఫై

ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ అని రాసిన దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలిగిందంటే పెట్టెకు కాంతి అందడం లేదని అర్థం. ఫైబర్ తీగలు మన దగ్గర ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తాయి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా చాలావరకు స్తంభాల మీదే లైను లాగింది. గాలివానకు విరిగిన కొమ్మ, ఎత్తుగా గడ్డి వేసుకుని వెళ్లే ట్రాక్టర్, తీగ పట్టుకుని ఊగే కోతులు, వీటిలో ఏదైనా చాలు. తీగ తెగకపోయినా గోడ మూలలో మరీ మడత పడితే కాంతి బయటికి జారిపోతుంది. ఇళ్లలో వాడే సాధారణ ఓఎన్‌టీలకు అందే కాంతి సుమారు మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం) కన్నా దిగితే కనెక్షన్ నిలవదు. ఆపరేటర్ మనిషి తెచ్చే చిన్న మీటర్ చూపేది ఈ అంకెనే.

ఇంటి లోపల వాడే నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది సన్న తీగలుంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి నాలుగు చాలు, 1000 మెగాబిట్లకు ఎనిమిదీ కావాలి. తలుపు సందులో నలిగి ఒక తీగ తెగితే నెట్ పూర్తిగా పోకుండా వేగం పదో వంతుకు పడిపోవడం ఇందువల్లే కావచ్చు.

వైఫై విషయంలో ఒక చిత్రమైన సంగతి ఉంది. ఫోనులో కనిపించే ఇంటి వైఫై పేరు పాత ల్యాప్‌టాప్‌లో అసలు కనిపించదు. పాత అడాప్టర్లు చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు మాత్రమే తెలుసు, కొత్త రూటర్ 5 గిగాహెర్ట్జ్‌లోనే ప్రసారం చేస్తుంటే అవి చూడలేవు. ఇంకోటి, మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 13 చానెళ్లు వాడతారు. అమెరికా నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లు కొన్ని 11 దాకానే వింటాయి. రూటర్ తనంతట తాను 12కో 13కో మారిన రోజున ఆ ల్యాప్‌టాప్‌కు ఇంటి వైఫై మాయమవుతుంది, మర్నాడు చానెల్ మారితే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అడాప్టర్ చెడిపోయిందని కొత్తది కొనేముందు ఈ సంగతి తెలియడం మంచిది.

169తో మొదలయ్యే చిరునామా ఏం చెబుతుంది

వైఫై కలిసిందంటే చాలు, నెట్ వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. రెండో మజిలీ ఇంకా మిగిలే ఉంది. కంప్యూటర్ వైఫైలో చేరగానే "నాకొక చిరునామా కావాలి" అని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడుగుతుంది. రూటర్‌లోని డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు ఖాళీగా ఉన్న అంకె ఒకటి కొంత గడువుకు అప్పుగా ఇస్తుంది. దాంతోపాటు బయటికి వెళ్లాలంటే ఎవరిని అడగాలో కూడా చెబుతుంది. ఆ బయటి ద్వారమే గేట్‌వే, సాధారణంగా అది రూటరే.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆదేశం ఇస్తే ఈ చిరునామా కనిపిస్తుంది. 192.168.1.7 లాంటిదో, 10తో మొదలయ్యేదో ఉంటే ఎవరో ఒకరు చిరునామా ఇచ్చారన్నమాట. ఇవి ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికి కేటాయించిన అంకెలు. 169.254తో మొదలైతే మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అడిగి అడిగి జవాబు రాక, కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న అంకె అది. విండోస్ 98 కాలం నుంచీ ఈ అలవాటు ఉంది. ఈ అంకెతో ఇంట్లోని మరో కంప్యూటర్‌తో మాట్లాడవచ్చేమో గానీ బయటికి వెళ్లడం కుదరదు. రూటర్ మొరాయించి ఉండవచ్చు, దాని దగ్గరున్న అంకెలన్నీ అయిపోయి ఉండవచ్చు, కేబుల్ సగం పనిచేస్తుండవచ్చు. ఏదైనా సరే, వెతకాల్సింది కంప్యూటర్‌కు, రూటర్‌కు మధ్యే. డీఎన్ఎస్ మార్చినా, బ్రౌజర్ మార్చినా ఫలితం ఉండదు.

దీనికన్నా మోసం చేసేది చిరునామా మామూలుగా కనిపిస్తూనే తప్పుగా ఉండే సందర్భం. ఒక ఉదాహరణ చూద్దాం. రెండంతస్తుల ఇల్లు. కింద కొత్త రూటర్, దాని చిరునామా 192.168.1.1. పైన సిగ్నల్ అందడం లేదని పాత రూటర్‌ను బయటికి తీసి, కింది నుంచి కేబుల్ లాగి, దాని మీద కంప్యూటర్లు తగిలించే సాకెట్లలో ఒకదానికి తగిలించారు. పాత రూటర్ చిరునామా 192.168.0.1. ఇప్పుడు ఇంట్లో చిరునామాలు పంచేవాళ్లు ఇద్దరయ్యారు. కంప్యూటర్ అడిగినప్పుడు ఎవరు ముందు పలికితే వారి మాటే చెల్లుతుంది. కొత్త రూటర్ ముందు పలికితే 192.168.1.9 వచ్చి నెట్ నడుస్తుంది. పాతది ముందు పలికితే 192.168.0.5 వస్తుంది, గేట్‌వేగా తననే చూపుతుంది. దానికి సొంతంగా ఇంటర్నెట్ లేదు, అక్కడితో దారి మూసుకుపోతుంది. అదే గదిలో ఫోనుకు నెట్ వస్తుంది, కంప్యూటర్‌కు రాదు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేస్తే ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. దీన్ని వైరస్ అనుకుని విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించుకునేవాళ్లున్నారు. ఐపీకాన్ఫిగ్‌లో గేట్‌వే వరుస ఒక్కటి చూస్తే విషయం బయటపడుతుంది. పాత రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేస్తే గొడవ తీరిపోతుంది.

అంకెకు పలికి పేరుకు పలకకపోతే

చిరునామా సరిగ్గా ఉన్నా పేజీలు తెరుచుకోకపోతే పింగ్ అనే చిన్న ప్రోగ్రాం పనికొస్తుంది. అది ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి, తిరుగు జవాబుకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. మైక్ మ్యూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1983 డిసెంబరులో దీన్ని రాశారు. పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్‌ను పాల్ మోకాపెట్రిస్ ప్రతిపాదించిందీ ఆ ఏడాదే. నలభై ఏళ్లు దాటినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడమే ఇప్పటికీ మంచి పరీక్ష.

మొదట గేట్‌వేకు, అంటే 192.168.1.1కు పింగ్ చేస్తే 2 మిల్లీసెకన్లలో జవాబు వచ్చిందనుకుందాం. కంప్యూటర్, రూటర్ కలిసే ఉన్నాయి. తర్వాత గూగుల్ నడిపే 8.8.8.8కు చేస్తే 25 మిల్లీసెకన్లలో జవాబు. అంటే ఆపరేటర్ లైనూ బాగుంది, కంప్యూటర్ నిజంగానే ఇంటర్నెట్‌లో ఉంది. ఇప్పుడు ఏదైనా వెబ్‌సైట్ పేరుతో చేస్తే, ఆ పేరు గల యంత్రం దొరకలేదన్న జవాబు. పాడైంది డీఎన్ఎస్ ఒక్కటే. దారి ఉంది, ఇల్లు ఎక్కడో చెప్పేవారు లేరు.

ఈ పరీక్షకూ హద్దుంది. కొన్ని వెబ్‌సైట్లు, ఆఫీసు నెట్‌వర్క్‌లు భద్రత కోసం పింగ్‌కు కావాలనే జవాబివ్వవు. జవాబు వస్తే దారి ఉన్నట్టే, రాకపోతే లేనట్టు కాదు.

పింగ్ అన్నిటికీ పలికి, బ్రౌజర్ మాత్రం ఏదీ తెరవకపోతే ప్రాక్సీ, అంటే బ్రౌజర్‌కు, ఇంటర్నెట్‌కు మధ్య నిలిచే మధ్యవర్తి సర్వర్, అనుమానించదగ్గది. ఆఫీసు పని కోసం పెట్టిన ప్రాక్సీ, తీసేసిన వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్ వంటివాటికి రహస్య దారి వేసే ప్రోగ్రాం) వదిలి వెళ్లిన సెట్టింగు బ్రౌజర్‌ను లేని దారికి మళ్లిస్తాయి. పింగ్ ఆ దారిన వెళ్లదు కాబట్టి దానికి అడ్డు తగలదు.

విండోస్ "ఇంటర్నెట్ లేదు" అని దేన్ని చూసి అంటుంది

తెర మూలన గ్లోబు గుర్తు, పక్కనే "ఇంటర్నెట్ లేదు" అన్న మాట కనబడితే దాన్ని తుది తీర్పుగా తీసుకుంటాం. నిజానికి అది చాలా చిన్న పరీక్ష ఫలితం. నెట్‌వర్క్‌లో చేరగానే విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి 22 అక్షరాల టెక్స్ట్ ఫైల్ ఒకటి తెచ్చుకోవాలని చూస్తుంది. అందులో ఉండేది "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అన్న మూడు ఇంగ్లిష్ మాటలే. అవి యథాతథంగా వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. వాటి బదులు మరో పేజీ వస్తే లాగిన్ కావాల్సిన నెట్‌వర్క్ అని ఊహిస్తుంది.

కాబట్టి ఈ తీర్పు తప్పవచ్చు. వీపీఎన్, ప్రాక్సీ, యాంటీవైరస్ ఆ ఒక్క ఫైలును అడ్డుకుంటే నెట్ ఉన్నా లేదంటుంది. 2020 మార్చిలో సరిగ్గా ఇదే జరిగింది. విండోస్ 10 అప్‌డేట్‌లోని లోపం వల్ల ప్రాక్సీ, ముఖ్యంగా వీపీఎన్ వాడే కంప్యూటర్లలో నెట్ లేదని కనిపించింది. ఆ గుర్తును నమ్మి పనిచేసే ఔట్‌లుక్, టీమ్స్ వంటివి కూడా కనెక్ట్ కాలేకపోయాయి. లాక్‌డౌన్‌తో లక్షల మంది ఇంటి నుంచి పని మొదలుపెట్టిన రోజులవి. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ దాకా ఆగకుండా విడిగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ఇంటి లైన్‌దీ తప్పు కాదు, కంప్యూటర్‌దీ తప్పు కాదు, చెడింది ఆ గుర్తే.

గడియారం తప్పితే వెబ్‌సైట్లు ఎందుకు తెరుచుకోవు

చివరి మజిలీ నమ్మకానిది. ప్రతి సురక్షిత వెబ్‌సైట్ తాను అసలైనదేనని చూపే డిజిటల్ ధ్రువపత్రం పంపుతుంది. దాని మీద ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో తేదీలుంటాయి. బ్రౌజర్ వాటిని కంప్యూటర్ గడియారంతో పోలుస్తుంది. పాత డెస్క్‌టాప్‌లో కరెంటు లేనప్పుడూ గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీది సీఆర్2032 అనే నాణెమంత బ్యాటరీ. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. ఈ ఏడాది జారీ అయిన ధ్రువపత్రం ఆ గడియారం దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. ఫలితంగా బ్యాంకు, మెయిల్, ప్రభుత్వ పోర్టళ్లు అన్నీ కనెక్షన్ సురక్షితం కాదంటూ ఆగిపోతాయి. వైఫై బాగుంది, పింగ్ బాగుంది, ఫోను బాగుంది, మూల కారణం తక్కువ ధరకు దొరికే బ్యాటరీ.

లోపం నిజంగా ఆపరేటర్ వైపు ఉన్నప్పుడు

"మా లైన్ బాగుంది" అన్నప్పుడు ఆపరేటర్ చూసేది సాధారణంగా ఓఎన్‌టీ దాకా కాంతి అందుతోందా అన్నదే. ఆ పైన కూడా కనెక్షన్ ఆగేందుకు కారణాలున్నాయి. ప్రతి అడాప్టర్‌కు, రూటర్‌కు మ్యాక్ అనే గుర్తింపు అంకె ఉంటుంది. కొందరు ఆపరేటర్లు మొదట తగిలించిన పరికరం అంకెనే నమోదు చేసుకుని, మరోదాన్ని రానివ్వరు. కొత్త రూటర్ కొన్న రోజునే నెట్ పోయిందంటే రూటర్ చెడ్డదని కాదు, నమోదు మారాలి. పీపీపీఓఈ అనే పద్ధతిలో రూటర్‌లోనే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి. ప్లాన్ గడువు తీరితే దీపాలన్నీ పచ్చగానే ఉంటాయి, లాగిన్ మాత్రం జరగదు.

అవతలి సేవే కూలిపోవడం మరో సంగతి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతటా దాదాపు ఆరు గంటలు ఆగాయి. ఆ సంస్థ తన నెట్‌వర్క్‌లో చేసిన ఒక మార్పు వల్ల దాని డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్‌కు కనబడకుండా పోయాయి. తమ ఇంటి నెట్ పోయిందనుకుని ఆ రాత్రి రూటర్లు ఆపి మళ్లీ వేసినవాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు కనిపించిన లక్షణం అలాగే ఉంది.

ఆపి మళ్లీ వేయడమా, కారణం వెతకడమా

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. "ముందు రూటర్ ఆపి, అర నిమిషం ఆగి, వేయండి" అనేవారి మాటలో సారం ఉంది. మొరాయించిన డీహెచ్‌సీపీ, నిండిపోయిన మెమరీ, తెగిన లాగిన్ దాంతో కుదుటపడతాయి, ఖర్చేమీ లేదు. "ఆపి మళ్లీ వేస్తే సాక్ష్యం పోతుంది" అనేవారి మాట కూడా కాదనలేనిది. రెండు రూటర్ల ఉదాహరణలో ఆపి మళ్లీ వేయడం వల్ల లోపం పోదు, దాక్కుంటుంది. నా ఉద్దేశంలో మొదటిసారి ఆగిపోతే ఆపి మళ్లీ వేయడం సబబే. అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే ముందు ఐపీకాన్ఫిగ్ చూపేది ఫొటో తీసి ఉంచుకుని, ఆ తర్వాత ఆపడం మేలు.

విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల "షట్ డౌన్" నొక్కినా వ్యవస్థలో కీలక భాగం డిస్కులో దాగి, మళ్లీ అలాగే లేస్తుంది. "రీస్టార్ట్" నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. రూటర్ వెనుక సూది దూరేంత రంధ్రంలోని రీసెట్ మీట సంగతి పూర్తిగా వేరు. దాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పీపీపీఓఈ వివరాలు సహా అన్నీ చెరిగిపోతాయి, ఆపరేటర్ మనిషి వచ్చే దాకా నెట్ ఉండదు.

డీఎన్ఎస్ మార్పు మీద కూడా వాదం నడుస్తోంది. 2009లో గూగుల్ 8.8.8.8, 2018లో క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 అందరికీ ఉచితంగా తెచ్చాయి. ఆపరేటర్ డీఎన్ఎస్ తరచూ మొరాయించే చోట ఇవి నిజంగా మేలు చేస్తాయి. అయితే మనం ఏ వెబ్‌సైట్లకు వెళ్తున్నామో ఆ సంస్థలకూ తెలుస్తుంది. ఆఫీసు లోపలి పేర్లు బయటి డీఎన్ఎస్‌కు తెలియవు కాబట్టి ఇంటి నుంచి పనిచేసేవారికి కొత్త చిక్కు రావచ్చు. 169.254 ఉన్న కంప్యూటర్‌కు మాత్రం ఏ డీఎన్ఎస్ అయినా ఒకటే.

విండోస్‌లోని నెట్‌వర్క్ రీసెట్ మీద నాకు అంత మొగ్గు లేదు. అది అడాప్టర్లన్నీ తీసేసి మళ్లీ ఎక్కిస్తుంది. దాచిన వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, వీపీఎన్ మళ్లీ ఎక్కించుకోవాల్సి రావచ్చు. చెడిన డ్రైవర్ (అడాప్టర్‌ను నడిపే ప్రోగ్రాం) సెట్టింగులకు అది పనికొస్తుంది, లోపం రూటర్‌లో ఉంటే నష్టమే మిగులుతుంది. పై పరీక్షలన్నీ కలిపినా పది నిమిషాలు పట్టవు. అవి అయ్యాక "ఎల్ఓఎస్ ఎర్రగా లేదు, రూటర్‌కు పింగ్ పలుకుతోంది, 8.8.8.8కు పలకడం లేదు, ఫోనులో మొబైల్ డేటా ఆపితే అందులోనూ రావడం లేదు" అని ఆపరేటర్‌కు చెప్పిన ఫిర్యాదులో ఇక కంప్యూటర్ ప్రస్తావనే ఉండదు.